కాపలా ఎవరి వంతు: గంజాం తీరపు పల్లె నుంచి ఒక కేసు

ఈ కేసులో మనిషి పేరు, వయసు, కుటుంబంలో కొన్ని సంగతులు మార్చాను. ఊరి పేరు చెప్పడం లేదు. ఆమెను నూకమ్మ అంటాను. ఆ తీరంలో వీధికో నూకమ్మ ఉంటుంది కాబట్టి ఎవరన్నది తేలదు. రాశాక ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల "అది తీసీ" అంది, తీసేశాను. ఒక చోట నేనే తీసేద్దామనుకుంటే "ఉంచు, తెలియాల" అంది.

నేపథ్యం

ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం నుంచి సముద్రం వైపు వెళ్తే గోపాలపూర్‌కి అటూ ఇటూ ఉన్న వేట పల్లెల్లో చాలావరకు తెలుగువాళ్లే. ఒడియావాళ్లు వాళ్లని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. పెద్దవాళ్లకు ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. పిల్లలకు ఒడియా అక్షరం వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఆఫీసు నుంచి వచ్చే తుపాను హెచ్చరిక ఒడియా అక్షరాల్లో వస్తుంది. ఇంట్లో నిర్ణయం చేసేది ముసలమ్మ. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులో నేను ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఊళ్లో డాక్టరమ్మ అంటారు, కాదని చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను.

ఆ పల్లెల్లో అక్టోబరంటే ఏమిటో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. 1999 అక్టోబరు 17 రాత్రి ఒక పెద్ద తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. బయటివాళ్లకు అది గుర్తులేదు. పన్నెండు రోజులకే, 29న, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ వచ్చి పదివేల మందికి దగ్గరగా పొట్టన పెట్టుకుంది, ముందుది దాని నీడలో పడిపోయింది. 2013 అక్టోబరు 12న, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ మళ్లీ గోపాలపూర్ దగ్గరే వచ్చింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆసారి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. మరుసటేడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాల్ని ముంచింది. వినాయక చవితి పందిరి విప్పిన నాటి నుంచి కార్తీక పున్నమి దాకా ఆ ఊళ్లలో ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చుకోరు. డైరీలో "వార్షిక ప్రతిస్పందన" అని రాసుకుంటాం. నిజానికి అది తుపానుల కాలం, వాళ్ల భయానికి పంచాంగం ఉంది.

తుపాను వచ్చి పోతుంది, కోత మాత్రం రోజూ ఉంటుంది. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి జాతీయ తీర పరిశోధన కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం ఒడిశా తీరంలో పావు వంతుకు పైగా కోతకు గురైంది. మా జిల్లాలో సముద్రం మింగేసిన పొడంపేట కథ అందరికీ తెలుసు. కారణం ఒక్కటి కాదు. ఏడాది మొత్తమ్మీద చూస్తే ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో రాతి కట్ట పడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఊరు తరుగుతుంది. దాని మీద సముద్ర మట్టం పెరగడం, బంగాళాఖాతం వేడెక్కి వాయుగుండాలు చూస్తుండగానే బలపడటం. అన్నిటినీ "వాతావరణ మార్పు" అనే ఒక్క మాటలో కుక్కేస్తే ఊరివాళ్లు నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా.

ఇక సంపాదన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర బోట్ల వేట నిషేధం. ఋషికుల్య నది ముఖద్వారం చుట్టూ అయితే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇంకో నిషేధం. అందుకని మగవాళ్లు కేరళ, చెన్నై బోట్ల మీదికి వలస పోతారు. రాత్రిపూట ఊళ్లో ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

మా దాకా వచ్చిన సమస్య

2019 ఆగస్టులో ఆశా కార్యకర్త వెంటబెట్టుకొచ్చింది నూకమ్మను కాదు, ఆమె కోడల్ని. "మా అత్తకి ఏదో పట్టింది మేడమ్. తను పడుకోదు, మమ్మల్ని పడుకోనివ్వదు" అంది. అంతకుముందు సంవత్సరం రెండుసార్లు ఏ హెచ్చరికా లేకుండానే అర్ధరాత్రి మనవణ్ణి భుజాన వేసుకుని తుపాను షెల్టర్ దగ్గరికి పరుగెత్తిందట. తాళం వేసి ఉంది. తెల్లారి ఊరంతా నవ్వింది. తొమ్మిదేళ్ల మనవడు అప్పట్నుంచి పక్క తడుపుతున్నాడు. మబ్బు పడితే బడికి వెళ్లనంటున్నాడు. కోడలి ఫిర్యాదు నిజానికి పిల్లవాడి గురించి.

నూకమ్మకు యాభై దాటాయి. నెత్తళ్లు, సావళ్లు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. భర్త లేడు, కొడుకు కేరళ బోటు మీద ఉన్నాడు. సముద్రం వైపు నుంచి చూస్తే ఆమెది అప్పట్లో మూడో వరస ఇల్లు. పెళ్లయి వచ్చిననాడు అది ఏడో వరస. ఇల్లు కదల్లేదు, ముందున్న నాలుగు వరసలు పోయాయి.

సెప్టెంబరులో ఒక రాత్రి ఆమెతో పాటు అరుగు మీద కూర్చున్నాను. ఆ ఒక్క రాత్రీ నాకు నేర్పింది ఆ తర్వాత నాలుగు నెలల సెషన్లు నేర్పలేదు. పక్కన యూరియా సంచి, అందులో ఆధార్, రేషన్ కార్డు, కొడుకు ఫోటో, ఒక చీర, అగ్గిపెట్టె. నోట్లో అడ్డచుట్ట, నిప్పు కొన లోపలికి పెట్టి. గంటకోసారి లేచి వెళ్లి తడి ఇసుక ఎక్కడి దాకా వచ్చిందో కాలి బొటనవేలితో తడిమి, అక్కడో పుల్ల గుచ్చి వస్తుంది. పుల్ల పోతే ఇంకోటి. పడుకోవు కదా పిన్నీ, నిద్ర రావడం లేదా అని అడిగాను. "నిద్దరొత్తాది. ఎందుకు రాదు? నాను పోగొడతాను" అంది.

నిద్ర పట్టకపోవడం వేరు, నిద్రను ఆపుకోవడం వేరు. ఆ తేడా ఆ రాత్రి నా చెవిన పడింది, బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది.

మేం చేసినవి, పనికిరానివి

మొదటి తప్పు ఆమె మా దగ్గరికి రాకముందే జరిగింది. తిత్లీ వచ్చిన మూడో వారంలో షెల్టర్‌లో ఇరవై మంది ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్కొక్కరినీ చెప్పమన్నాను. విపత్తు తర్వాత అందరి చేతా ఇలా ఒక్కసారే చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా చేస్తుందని నాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అది వద్దనే చెబుతుంది. చూడు, విను, కావలసిన చోటికి కలుపు, అంతవరకే తొలి సాయం అని నేనే ఇతరులకు పాఠం చెప్పాను. మరి ఎందుకు చేశాను? "ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారు" అనే గడి నింపాలి కాబట్టి. ఇద్దరు వణికిపోయారు. ఒకామె మళ్లీ నా మొహం చూడలేదు. ఆ రోజు మధ్యలో లేచి వెళ్లిపోయిన మనిషే నూకమ్మ అని తర్వాత తెలిసింది.

రెండోది ప్రశ్నపత్రం. కుంగుబాటు కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం తెలుగులో ఉంది, కానీ అది పుస్తకం తెలుగు. "పనుల పట్ల ఆసక్తి లేదా ఆనందం లేకపోవడం" అని చదివాను. "ఆసక్తంటే ఏటి?" అంది. వివరించాను. "చేపలమ్మడానికి ఆసక్తెందుకమ్మా" అంది. పదిహేను మార్కులు వచ్చాయి. వాటికి అర్థమేమిటో ఈరోజుకీ నాకు తెలియదు. అందుకని వేరే కొలత పెట్టుకున్నాను: రాత్రికి ఎన్ని చుట్టలు. సెప్టెంబరు 2019లో పది నుంచి పన్నెండు. చుట్ట ఆరోగ్యానికి చేసే చేటు గురించి ఆ దశలో నోరెత్తకూడదని నిర్ణయించుకున్నాను. ఒకేసారి రెండు కాపలాలు మాన్పించలేం.

మూడోది ధైర్యం చెప్పడం. ఫైలిన్‌కి అందరినీ ఎలా కాపాడారో, తీరం పొడవునా 122 సైరన్ టవర్లు ఎలా ఉన్నాయో, ముందుగానే కబురు వస్తుందని చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ సైరన్ ఎప్పుడైనా మోగినాదా?" అంది. జూన్ మాక్ డ్రిల్‌లో మోగింది. ఆ రోజు ఆమె చేతిలో చేపల తట్ట వదిలేసి పరుగెత్తింది. అది పరీక్ష అని ఒడియాలో మైకులో చెప్పారట, గాలికి వినబడలేదు.

నాలుగోది ఊపిరి లెక్కపెట్టించడం. "సంద్రం ఎదర కూకుని ఊపిరి లెక్కెట్టమంటావా?" అంది. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

2020 జనవరిలో బరంపురంలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. కుంగుబాటు, దానితో పాటు పాత ఆఘాతం తాలూకు లక్షణాలు అన్నారు. నేనూ కాదనను. రెండు మందులు రాశారు. కుంగుబాటు మందు ఎనిమిది నెలలు వాడింది. గుండెదడ తగ్గింది, తిండి పెరిగింది, సంతకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. మందు పనిచేయలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండోది, నిద్ర మాత్ర, పొట్లం విప్పను కూడా లేదు. "మాత్ర ఏసుకుని పడుకుంటే నీరొచ్చినపుడు ఎవులు లేపుతారు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కేసు తిరిగింది అక్కడే.

ఎక్కడ తప్పు చదివాం

ఆఘాతం తర్వాత వచ్చే భయానికి మా చదువు చెప్పే దారి ఒకటుంది. ప్రమాదం అయిపోయింది, మనసు మాత్రం ఇంకా అక్కడే ఉంది, కాబట్టి భద్రమైన చోట ఆ భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోనిచ్చి చల్లార్చాలి. నూకమ్మ విషయంలో "అయిపోయింది" అనే మాటే తప్పు. ఫైలిన్ అయిపోయింది, తిత్లీ అయిపోయింది, కోత అయిపోలేదు. వచ్చే అక్టోబరు రావాల్సే ఉంది. భయపడకు అని చెప్పడమంటే కళ్లెదుట ఉన్నదాన్ని లేదనడమే. అందుకే భయాన్ని చల్లార్చే చికిత్స మొదలుపెట్టకూడదని రాసుకున్నాను. మా సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు, పిల్లవాడి కోసమైనా మొదలుపెట్టమన్నారు. రెండు వారాలు వాదించుకున్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త, తాను కదలకుండానే తన చోటు కళ్లెదుట పాడైపోతుంటే మనిషికి కలిగే బాధకు సొలస్టాల్జియా అని పేరు పెట్టాడు. మనకు కొత్త పేరు అక్కర్లేదు, బెంగ ఉంది. ఊరు వదిలినవాడికి ఊరి మీద బెంగ సహజం. ఊళ్లోనే ఉన్నవాడికి ఊరి మీద బెంగ పడితే దాన్ని ఎవరూ గుర్తుపట్టరు, పిచ్చి అంటారు. తొలి మూడు నెలలు నేనూ నూకమ్మ బెంగను భయమనే అనుకున్నాను.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఈమె ఎందుకు నిద్రపోవడం లేదని కాకుండా, ఈమె చేస్తున్న పని ఎవరు చేయాల్సింది అని. ఊరు మొత్తానికి కావలసిన కాపలా ఒక్కతే కాస్తోంది. అంత పని ఒక్కరే చేస్తే ఎవరికైనా మతి తప్పుతుంది. పని తప్పు కాదు, ఒంటరిగా చేయడం తప్పు. మరైతే ఆ పని పంచాలి.

గుంజలు

లాక్‌డౌన్ అయిదు నెలలు తినేసింది. ఫోన్లో మాట్లాడాను, అంతే. 2020 ఆగస్టులో మళ్లీ వెళ్లేసరికి జిల్లాలోనే ఉన్న వెంకటరాయపూర్‌కి, బాక్సిపల్లి అంటారు, సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని యునెస్కో గుర్తింపు వచ్చిందన్న వార్త తిరుగుతోంది. మా ఊరివాళ్లకు అక్కడ చుట్టాలున్నారు. మెచ్చుకోలు కన్నా ఉడుకుమోతుతనమే ఎక్కువ. "ఆళ్లకేటి కొమ్ములున్నాయా?" అన్నాడో పెద్దాయన. నాకు అది చాలు.

నూకమ్మ గుచ్చే పుల్లల నుంచే మొదలుపెట్టాను. సర్వి గుంజలు మూడు పాతుదాం, నీళ్లు ఏ గుంజ దాటితే ఏం చేయాలో ముందే అనుకుందాం అన్నాను. పదేసి అడుగుల దూరంలో అన్నాను. పెద్దాయన చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. చేతిలో పుల్లతో ఇసుక మీద గీత గీసి, ఒడ్డు ఎక్కడ నిటారుగా తెగి ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో చూపించాడు. "ఇక్కడ దాకా నీరు నెమ్మదిగా వత్తాది. ఈ గట్టు దాటితే ఇంక పరుగే." ఆయన చెప్పినట్టు మొదటి రెండు గుంజలు ఎడంగా, మూడోది గట్టు మీదే పాతారు. నా పదడుగుల లెక్క ప్రకారం పాతి ఉంటే నిద్ర లేచేసరికి నీళ్లు గడపలో ఉండేవి.

అదే గీత మీద ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. ఇసుక ఎటు నుంచి ఎటు నడుస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో. నూకమ్మ చాలాసేపు ఆ గీత వైపే చూసి, "అయితే గంగమ్మ కోపం కాదా?" అంది. ఆయన మాట్లాడలేదు. నేను మధ్యలో దూరలేదు. కానీ ఆ రోజు తర్వాత "మన పాపం" అనే మాట ఆమె నోట తగ్గింది. ఆ పని నేను చేయలేదు, గీత చేసింది.

నియమం ఇలా కుదిరింది: నీళ్లు మొదటి గుంజ తాకితే ఎవరినీ లేపక్కర్లేదు. రెండోది తాకితే ముందు వరస వాళ్లను లేపాలి. మూడోది తాకితే అందరూ షెల్టర్‌కి. అమావాస్య, పున్నమి పోటు రాత్రుళ్లు తప్పనిసరి కాపలా. వాయుగుండం కబురుంటే ప్రతి రాత్రీ. మిగతా రాత్రుళ్లు కాపలా లేదు. ఈ చివరి ముక్క కోసమే నేను పట్టుబట్టాను. ఎప్పుడు కాయాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు కాయక్కర్లేదో కూడా అంతే ముఖ్యం. నూకమ్మ భయానికి ఇప్పటిదాకా గట్టు లేదు.

మళ్లీ బోల్తా

ఎనిమిది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. కాగితం మీద వంతులు రాశాను, ఎనిమిది పేర్లు. మూడో రోజుకు ముప్పై ఎనిమిది అయ్యాయి! సంతోషపడ్డాను, రెండు రోజులు. తర్వాత తెలిసింది, అది ఇళ్ల స్థలాల జాబితా అనుకున్నారు. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో గంజాం తీరంలో కాంక్రీటు ఇళ్లు కట్టారు. ఆ జాబితాలో పేరున్నవాళ్లకు వచ్చాయి, లేనివాళ్లకు రాలేదు. పేర్లు రాసే కాగితాన్ని ఆ ఊరు మరో రకంగా చూడదు. పేరు లేనివాళ్లు నూకమ్మ ఇంటికెళ్లి గొడవ చేశారు. ఆ రాత్రి పద్నాలుగు చుట్టలు. అక్టోబరు 2020 మొత్తం ఆమె ఒక్కతే కాపలా కాసింది. రెండు గుంజలు ఎవరో వంటచెరుకుకి పీక్కుపోయారు.

ఆ కాగితం ఆలోచన నాది. ఏ ఊళ్లోనైనా జాబితా రాసేముందు అంతకుముందు జాబితాలు ఏం చేశాయో కనుక్కోవాలి. ఇంత మామూలు సంగతి కోసం ఒక అక్టోబరు పోగొట్టుకున్నాను.

కాగితానికి బదులు ఏం చేయాలో చెప్పింది కోడలే, అత్త మీద ఫిర్యాదు చేసిన మనిషే. "టార్చి ఒకటి కొను మేడమ్. ఎవులింట్లో టార్చి ఉంటే ఆ రేతిరి ఆళ్లదే కాపలా. పొద్దున్నే పక్కింట్లో ఇచ్చీడమే." పేర్లు లేవు, సంతకాలు లేవు. 2021 జూన్ నుంచి టార్చి ఇంటింటికీ తిరగడం మొదలైంది. ఒకసారి పెళ్లింట్లో పది రోజులు ఉండిపోయింది. ఒకసారి తాగి పడుకున్నవాడి దగ్గర దొరికింది. అయినా తిరిగింది.

కబురు సంగతి డిగ్రీ చదివే ఒక అమ్మాయి చూసుకుంది. ఒడియాలో వచ్చిన హెచ్చరికను, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచనను చూసి, తెలుగులో అర నిమిషం మాటగా వాట్సాప్‌లో పెడుతుంది. వేటకెళ్లేవాళ్లు మాట్లాడుకునే తెలుగులో. పరీక్ష సైరన్ అయితే ముందు రోజే చెబుతుంది.

మనవడి విషయంలో మేం తడబడ్డాం. ఒడియా చదవగలిగేది ఇంట్లో వాడొక్కడే, వాడికి ఒక పని ఇస్తే ధైర్యం వస్తుందని కోడలి ఆశ. నాకు భయం, కాపలా భారం చిన్నపిల్లాడి నెత్తిన పడుతుందని. చివరికి ఇలా అనుకున్నాం: పగలు మాత్రం చదివి వినిపిస్తాడు, ఏం చేయాలో పెద్దవాళ్లు తేలుస్తారు, రాత్రి వాణ్ణి ఎవరూ లేపరు, గుంజ మూడు తాకితే తప్ప. పక్క తడపడం నాలుగు నెలల్లో దాదాపు ఆగింది. పని ఇవ్వడం వల్లో, నాయనమ్మ రాత్రి లేపడం మానడం వల్లో చెప్పలేను. రెండోదే అనుకుంటాను.

ఉంచమన్న మాట

టార్చి మొదటిసారి తన ఇంటి నుంచి పక్కింటికి ఇవ్వాల్సిన రోజు నూకమ్మ ఇవ్వలేదు. నేను వెళ్లి కూర్చున్నాను. అడగలేదు. అప్పుడు చెప్పింది.

1999లో పెద్దగాలి రాత్రి ఇంటి సగం కప్పు లేచిపోయింది. అత్త, తను గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చుక్కలు కూడా కనబడ్డాయట. "అయిపోనాది అత్తా, కాసేపు పడుకో" అంది. అత్త పడుకుంది. తుపాను కన్ను దాటాక గాలి రెండో వైపు నుంచి వచ్చింది, గోడ అత్త మీద పడింది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎవరినీ పడుకోమని చెప్పలేదు.

నేను అన్నది ఒక్కటే. తుపాను మధ్యలో గాలి ఆగుతుందని, అది అయిపోవడం కాదని ఆ రోజు మీకు ఎవరైనా చెప్పారా పిన్నీ? "ఎవులు సెప్తారు?" అంది. కాసేపయ్యాక, "ఇపుడు అందరికీ సెప్పాల" అంది. ఇది ఉంచమన్నది అందుకే. అమ్మాయి పెట్టే వాట్సాప్ మాటల్లో ఆ తర్వాత ప్రతి తుపానుకూ ఒక వాక్యం చేరింది: గాలి ఆగితే బయటికి రాకండి, మళ్లీ వస్తుంది.

2018లో గుండ్రంగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ మాట వచ్చేది కాదు, వచ్చినా ఆమెను విరిచేసేది. వినేవాళ్లుండటం ఒక్కటే సరిపోదు. చెప్పిన తర్వాత ఆ మాటతో చేయాల్సిన పని ఒకటి ఉండాలి.

గులాబ్

2021 సెప్టెంబరు 26, ఆదివారం. గులాబ్ తుపాను కళింగపట్నానికి, గోపాలపూర్‌కి మధ్య తీరం దాటుతుందని కబురు. ఫైలిన్‌తో పోలిస్తే చిన్నది. నేను బరంపురంలో ఉండిపోయాను. పొద్దున పది గంటలకే అమ్మాయి గొంతు ఫోన్లలో తిరిగింది. మధ్యాహ్నానికి ముందు వరసలు ఖాళీ. షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గరుందో ఈసారి అందరికీ తెలుసు. కోడలు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసింది, గొంతు తగ్గించి.

"అత్త పడుకున్నాది మేడమ్."

ఏమైందని కంగారుపడ్డాను.

"ఏటీ అవలేదు. ఇయ్యాల నా వంతు కాదు అని పడుకున్నాది."

తర్వాత

కేసు ఫైలు 2022 అక్టోబరులో మూశాను. ఆ నెలలో నాలుగు రాత్రుళ్లు లెక్కించాం, చుట్టలు మూడు, నాలుగు మధ్య. పోటు రాత్రుళ్లు ఇంకా లేస్తుంది. ఒకసారి చూసి వచ్చి పడుకుంటుంది. మందు డాక్టరు సలహాతో ఎప్పుడో ఆపేసింది. అదే నెలలో మానసిక ఆరోగ్యానికి ఫోన్లో సాయం చేసే 14416 టెలి మానస్ మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారని చెప్పి నంబరు అరుగు గోడ మీద బొగ్గుతో రాశాను. ఆమె చేసిందో లేదో అడగలేదు.

పనిచేసిందని నేను అంటున్నది ఒక మనిషి నిద్ర గురించి, ఎనిమిది ఇళ్ల గురించి. రాతి కట్ట అక్కడే ఉంది. ఇళ్ల స్థలాల కోసం ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీ అక్కడే ఉంది. కొండంత సమస్యకు టార్చి పరిష్కారమని ఎవరైనా ఈ కేసును ఎత్తి చూపితే నాకు కోపం వస్తుంది, ఒక మీటింగులో అలా జరిగింది కూడా. ఇంకో పల్లెలో ఇదే చేయబోతే సాగలేదు. అక్కడ రాత్రుళ్లు ఊళ్లో మగవాళ్లే ఎక్కువ, టార్చి రెండో ఇల్లు దాటలేదు. ఎందుకో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు.

కిందటిసారి వెళ్లినప్పుడు గుంజలు వెనక్కి జరిపారు. మొదటి గుంజ ఉన్న చోట ఇప్పుడు కెరటం విరుగుతోంది. మూడోది నూకమ్మ అరుగుకి ఇరవై అడుగుల దూరంలో ఉంది. ముందున్న రెండు వరసల్లో ఒకటి పోయింది. ఈసారి పెద్దాయన లేడు, గుంజలు ఎక్కడ పాతాలో నూకమ్మే చూపించిందట, బొటనవేలితో ఇసుక తడిమి.

చీకటి పడుతుంటే టార్చి ఎవరింట్లో ఉంది పిన్నీ అని అడిగాను.

"ఎర్రమ్మింట్లో" అని, తట్ట బోర్లించి, అరుగు మీద చాప పరుచుకుంది.